పోటు రాని చెరువు

అన్నయ్య నర్సరీ గుమ్మంలో నిలబడితే చెల్లెలు తల కూడా ఎత్తలేదు. ఇంటి వెనక మడ అడవిని నరికించి అతను రొయ్యల చెరువు తవ్వించిన నాడు ఆమె పొక్లెయిన్‌కు అడ్డంగా కూర్చుంది. అతనే రెక్క పట్టుకుని పక్కకు లాగేశాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆమె వచ్చి ఈ మడ మొక్కల నర్సరీలో పనికి కుదిరింది.

"రొయ్యలన్నీ తెగులొచ్చి పోయాయే. చెరువు వదిలేశాను. అందులో నీ మొక్కలు పెడతావా?"

"నరికేటప్పుడు నన్నడగలేదుగా!"

"అడిగితే వద్దంటావని."

ఆమెకు నవ్వాగలేదు. అతను మాత్రం నవ్వలేదు.

"మొన్న గాలివానకి కెరటం వంటింట్లోకొచ్చింది. అమ్మ మంచమంతా తడిసిపోయింది. అడవున్నప్పుడు ఒక్కసారైనా వచ్చిందా?"

నర్సరీలో మిగిలిన మొక్కలన్నీ అన్నాచెల్లెళ్లు కలిసి ఆ చెరువులో నాటారు. మోకాలి లోతు బురదలో అతను బోర్లా పడితే, "ఇన్నాళ్లకు భూమికి దణ్ణం పెట్టావు" అని ఆటపట్టించింది. మడ చెట్టు బతకాలంటే పోటు నీళ్లు వచ్చి పోతుండాలి. అందుకని అతను పార పట్టి, సముద్రంలో కలిసే కాలవ వైపు గట్టుకు గండి కొట్టాడు. సముద్రం లోపలికొచ్చింది. వెనకే ఒక ఎండ్రకాయ కూడా వస్తే, ఆమె చిన్నపిల్లలా కేకేసి అన్నయ్యకు చూపించింది.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. పక్క చెరువుల వాళ్లు మట్టి లారీతో వచ్చారు.

"నీ చెరువులో తెగులు నీళ్లు కాలవలోకొస్తున్నాయి. మేం తోడుకునేది ఆ కాలవలోంచే. నువ్వెలాగూ మునిగావు, మమ్మల్నీ ముంచుతావా?"

వాళ్లన్నదీ నిజమే. గండి పూడ్చి వెళ్లిపోయారు.

నేల ఎండి బీటలు వారింది. పైన ఉప్పు తెల్లగా పేరుకుంది. ఇద్దరూ కాలవనుంచి నీళ్లు మోసి పోశారు.

"సముద్రాన్ని బిందెలతో మోస్తున్నామే," అన్నాడతను ఆయాసపడుతూ.

ఆకులు పసుపెక్కి రాలాయి. ఆమె ఒక మొక్క పీకి చూసింది. పోసిన నీళ్లు కదలక వేళ్లు నల్లగా కుళ్లి కంపు కొట్టాయి.

"ఇంకో విడత పెడదాం," అన్నాడు అన్నయ్య.

"మొలకలేవి? తల్లిచెట్లుంటే కదా మొలకలు రాలేది. ఈ ఒడ్డున ఒక్కటీ మిగల్లేదు."

అతను కుళ్లిన మొక్కను చేతిలోకి తీసుకున్నాడు. "అవి నేను కొట్టించినవేనా?"

"కొన్ని," అంది. అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది గానీ, చెప్పలేకపోయింది.

నర్సరీ మూతబడింది. మళ్లీ గాలివానొచ్చి ఇంటి వెనక గోడను కూల్చేసింది. అమ్మకు ఒడ్డుకు దూరంగా అద్దెగది చూశారు. సామాను వ్యానెక్కించి, ఇద్దరూ వెనకాల మంచం పట్టుకుని కూర్చున్నారు. అమ్మ మందుల గురించి, కొత్త ఇంటి మెట్ల గురించి దారి పొడవునా మాట్లాడుకున్నారు. చెట్ల ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.