పెత్రమాస పేర్లు

పెత్రమాస రేపనగా కొండవ్వ మనవరాలు సింధూజను వెంటబెట్టుకుని సిద్దిపేటలో గజేందర్ నడిపే ఇంటర్నెట్ షాపుకు వచ్చింది. తొగుట దిక్కున ఉన్న వాళ్ల ఊరు రిజర్వాయర్ నీళ్లలో కలిసి ఇళ్లన్నీ చెల్లాచెదురైనా, అందరి పెద్దల పేర్లూ కొండవ్వ దగ్గరే ఉండేవి. పెత్రమాసనాడు పోయినవాళ్ల పేరుపేరునా బియ్యం ఇవ్వాలి కదా, ఏడు తరాల వెనక్కి ఎవరికి గుర్తుంటాయి? ఆమెకే ఫోన్ చేసేవారు. మొన్నటి వానాకాలం జ్వరం తగిలాక ఆ పేర్లు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. నయం, రెండేళ్ల కిందటే ఆమె చెబుతుంటే సింధూజ అన్నీ టైపు చేసింది. ఆ పిల్ల పాత ఫోన్ చెడిపోయి, మిగిలింది పెన్‌డ్రైవ్ ఒక్కటే.

ఫైలు తెరిస్తే వరుసలు వరుసలుగా ఖాళీ డబ్బాలు.

"ఏంది బిడ్డా, అన్ని మూసిన తలుపులే?"

"ఈ పాత కంప్యూటర్ల తెలుగు ఫాంట్ లేదు నాయినమ్మా. పేర్లు లోపలనే ఉన్నయి, కనిపిస్తలేవు గంతే." పక్క షాపులో మంచి కంప్యూటర్ ఉందేమో అడగడానికి సింధూజ బయటికి పోయింది.

"గంత తిప్పలెందుకు పెద్దమ్మా, ఫైలు రకం మార్చి దాని మీదనే సేవ్ చేస్త. కనిపిస్తయేమో చూద్దాం" అన్నాడు గజేందర్.

"చూడు కొడుకా. రేపు మా ఎల్లన్న తాత ఆకలితోటి నిలబడతడు. బతికినప్పుడే ఓపిక లేనోడు."

తెర మీద ఇంగ్లీషులో ఏదో హెచ్చరిక లేచింది.

"ఏమంటున్నది?"

"ఏముంటది, ప్రతిదానికి అడుగుతనే ఉంటది." రోజూ నొక్కినట్టే సరే అని నొక్కి, ఫైలు మళ్లీ తెరిచాడు.

తలుపులు పోయాయి. వాటి జాగాలో అన్నీ ప్రశ్న గుర్తులే. చదువు రాని కొండవ్వకు అవి బారులు తీరిన చిన్న కొడవళ్లలా కనిపించాయి.

తిరిగొచ్చిన సింధూజ గుమ్మంలోనే ఆగిపోయింది.

"పాతదాని మీదనే సేవ్ చేసినవా అన్నా?"

"చేసిన."

"అక్షరాలు తీసేసి గివి పెట్టింది. ఇగ ఏ కంప్యూటర్ల తెరిచినా గివే."

సింధూజ బ్యాగులోంచి నోటుబుక్కు తీసింది.

"గుర్తున్నకాడికి చెప్పు నాయినమ్మా. మీ అవ్వ పేరుతోనే మొదలుపెడుదాం."

కొండవ్వ నోరు తెరిచింది. కన్నతల్లి ముఖం వచ్చింది. మోచేతి మీది పచ్చబొట్టు వచ్చింది, కుంటుకుంటూ నడిచే నడక వచ్చింది. పేరు ఉండాల్సిన చోట ఒక కొడవలి నిలబడి ఉంది.

ఫోన్ మోగింది. ఎర్రవల్లి నుంచి పెంటవ్వ. ఏటా పేర్లు అడిగే మొదటి ఫోన్ ఆమెదే.