పొట్ట మీద గీతలు

మా జిమ్‌లో కొత్తగా చేరే ఆడవాళ్లు మొదటి రోజు అడిగే ప్రశ్న ఒకటే. "అక్కా, పొట్ట మీద గీతలు ఎన్ని దినాల్లో వస్తాయి?" ఫోన్‌లో ఏదో చూసి వస్తారు. పదిహేను రోజులని ఒకడు, ఇరవై ఒక్క రోజులని ఇంకొకడు చెప్పి ఉంటాడు. ఆ చెప్పేవాళ్లు నా చేతికి చిక్కితే చెవులు మెలిపెట్టి పంపిస్తాను.

నేను చెప్పేది మాత్రం ఎవరికీ రుచించదు. ఆ గీతలు తేలేలా చేసే కండలు పుట్టుకతోనే అందరికీ ఉన్నాయి. పైన కొవ్వు పరుచుకుని ఉంటుంది కాబట్టి కనపడవు. నేల మీద పడుకుని వెయ్యిసార్లు లేచినా ఆ కొవ్వు కరగదు. కండ గట్టిపడాలంటే బరువులెత్తాలి. కొవ్వు తగ్గాలంటే తిండి చూసుకోవాలి, బాగా నిద్రపోవాలి, నెలల తరబడి ఓపిక పట్టాలి. అందులోనూ ఆడదాని ఒంట్లో మగవాడికంటే కొవ్వు ఎక్కువ ఉంటుంది, ఉండాలి కూడా. కొందరికి రెండు గీతలు తేలిగ్గా వస్తాయి, కొందరికి ఏం చేసినా రావు. ఇంత చెప్పేసరికి సగం మంది ముఖాలు వేలాడేస్తారు.

ధర్మపురి నాలుగు రోడ్ల దగ్గర, మందుల దుకాణం పైమేడ మా జిమ్. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఆడవాళ్లకు. ఆ రెండు గంటలూ అక్కడ నాదే రాజ్యం. నా పేరు యోగలక్ష్మి. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం, కోపం వస్తే రెండూ.

ముఖం వేలాడేయకుండా నా మాట చివరిదాకా విన్నది తెన్మొళి ఒక్కతే. పెరియంపట్టి దాటి ఇంకా లోపలికి వెళితే వచ్చే చిన్న ఊరు వాళ్లది. ఇక్కడి బట్టల దుకాణంలో చీరలు విప్పి చూపించే పని. మొగుడు చంద్రు హోసూరులో కట్టడం పనులు చేస్తాడు, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున పోతాడు. అత్త ఓబమ్మ మేకలు మేపుతుంది. పెళ్లయి మూడేళ్లు, పిల్లలు లేరు.

జిమ్‌కు ఎందుకొచ్చావని అడిగితే దాచుకోకుండా చెప్పింది. "నాకు కొంచెం పొట్ట ఉండాది కదక్కా. ఎక్కడికి పోయినా, ఏమైనా విశేషమా అని అడుగుతారు. పోయిన వారం బస్సులో ఒక పెద్దామె లేచి నాకు సీటు ఇచ్చింది. కాదని చెప్పేకి నోరు రాలే. ధర్మపురి దాకా ఆ సీట్లోనే తల వంచుకోని కూర్చున్నాను. ఎవరూ ఆ మాట అడగకుండా నా పొట్ట రాయి మాదిరి కావాల."

ఆ కోరిక నాకు నచ్చింది. మెషీను మీద ఊరికే కాళ్లాడించే రకం కాదు. ఎనిమిది నెలలు ఒక్క రోజు ఎగ్గొట్టలేదు. ఐదు కిలోలతో మొదలుపెట్టి యాభై కిలోలు నేల మీద నుంచి ఎత్తింది. సంగటి, గుడ్లు, పప్పు, ఆకుకూరలు వేళకు తింది. ఒక రోజు అద్దం ముందు బనీను కాస్త పైకెత్తి చూసుకుని నన్ను కేకేసింది. బొడ్డుకు రెండు పక్కలా రెండు గీతలు. ఆ రోజు దాని కంటే నేనే ఎక్కువ మురిసిపోయాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. సేలంలో ఆడవాళ్ల ఫిట్‌నెస్ పోటీ ఉందని, అందులో నిలబడమని చెప్పింది నేనే. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు ఒక్కరూ స్టేజీ ఎక్కలేదన్న బాధ నాకు చాలా ఏళ్లుగా ఉంది. పోటీకి రెండు గీతలు చాలవు, ఆరు కావాలన్నాను. తిండి కొంచెం తగ్గించమని ఒక కాగితం రాసిచ్చాను. అది కొంచెంతో ఊరుకోలేదు. సంగటి మానేసింది, నూనె మానేసింది, వేరుశనగలు ముట్టుకోవడం మానేసింది. గుడ్డులో తెల్లసొన, దోసకాయ ముక్కలు, మళ్లీ తెల్లసొన. సాయంత్రం దుకాణం కట్టేశాక బస్టాండు దాకా పరుగెత్తేది. బుగ్గలు లోపలికి పోయాయి, చల్లటి నీళ్లు తగిలితే వణికిపోయేది. ఆరు గీతలు మాత్రం వచ్చాయి. నేను చప్పట్లు కొట్టాను. నేర్పేదాన్ని, ఆడదాన్ని, నేను అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అడగలేదు.

వాళ్ల ఊళ్లో ఇప్పటికీ ఒక కట్టుబాటు ఉంది. నెలసరి మూడు రోజులు ఆడవాళ్లు ఇంట్లో ఉండకూడదు. వీధి చివర రేకుల గది ఒకటి ఉంది, అక్కడే పడుకోవాలి, అక్కడికే తిండి వస్తుంది. పనికి పోయేవాళ్లు అక్కడి నుంచే బస్సెక్కాలి. మా నాయనమ్మ కాలంలో మా ఇంట్లోనూ ఉండేదట. ఆ గది మాటెత్తితేనే నాకు ఒళ్లు మండుతుంది. దాంతో ఇంకో తంటా కూడా ఉంది. ఏ నెల ఎవరు గదికి వచ్చారో, ఎవరు రాలేదో వీధి మొత్తానికి తెలిసిపోతుంది.

పోటీకి ఇరవై రోజులుందనగా, ఒక పొద్దున మా మెట్ల మీద ఎవరో ఆయాసపడుతూ ఎక్కుతున్న చప్పుడు వినపడింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, గళ్ల చీర కట్టుకున్న ఒక పెద్దామె లోపలికి వచ్చింది. చేతిలో బరువైన సంచి. కడ్డీకి వేలాడుతూ కాళ్లు పైకెత్తుతున్న తెన్మొళి ఆమెను చూసి చేతులు వదిలేసింది.

"నువ్వే కదా మాస్టరమ్మ? నేను దీని అత్తను, ఓబమ్మ" అని బల్ల మీద కూర్చుంది. "ఇది చెబితే వినేది కాదు, అందుకే వెనక బస్సులో నేనే వచ్చినాను. ఇంక దీని చేత ఇనుము ఎత్తించొద్దు తల్లీ. నాలుగు నెలలాయె, ఇది గదికి పోలే. వీధిలో అందరికీ తెలిసిపోయింది. దీనికేమో సిగ్గు, నోరు విప్పి చెప్పదు."

చెబుతూ చెబుతూ సంచిలోవి తీసి పక్కన పెట్టింది. మునగాకు, నాటుకోడి గుడ్లు, జామకాయలు. వేడియప్పన్ సామికి మేకపోతును మొక్కుకున్నానంది. ఆ ముఖం నిండా సంతోషమే. కాఫీ తెప్పిస్తానని చెప్పి, తెన్మొళిని చేయి పట్టుకుని సామాన్ల గదిలోకి లాక్కెళ్లాను.

"టెస్టు చేసుకున్నావా?"

"రెండుసార్లు చేసినానక్కా. ఏమీ లేదు."

"నాలుగు నెలల నుంచి రావడం లేదని నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు ఆపేస్తారని" అంది. ఆ తర్వాత ఏడుపు గొంతుతో, "అత్తకు కాదని ఎట్ల చెప్పేది? దినమూ నాకంటే ముందు లేచి నాకు వేడినీళ్లు పెడతా ఉండాది. కాదంటే ఎందుకు రాలేదు అని అడుగుతాది కదా. ఆ మాటకు నా దగ్గర ఏముండాది?"

దాన్ని తిట్టాలనుకున్నాను, ఎంత వెతికినా నాకు తగిన తిట్లే దొరికాయి. "నువ్వే చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి. నేను పక్కనుంటాను" అన్నాను.

తెన్మొళి వెళ్లి అత్త కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. ఓబమ్మ చేయి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. "బిడ్డ లేదత్తా. పోటీ కోసం తిండి మానుకున్నాను. దాంతో ఆగిపోయింది" అంది.

ఓబమ్మ చేయి వెనక్కి తీసుకోలేదు. రాగి ముద్దలు చేసి, మేకల తాళ్లు లాగి కాయలు కాసిన వేళ్లు ఆ గీతల మీద ఒక్కొక్కదాని వెంటే నెమ్మదిగా కదిలాయి. మిగతా ఆడవాళ్లు బరువులు కింద పెట్టి నిలబడిపోయారు. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను.

"నాకూ ఇట్లే ఉండె" అంది ఓబమ్మ.

తెన్మొళి తలెత్తింది.

"చంద్రు పుట్టకముందు. మూడేండ్లు వానలు లేవు. పొద్దంతా మేస్త్రీల దగ్గర సిమెంటు తట్ట మోసేది, ఒక్క పూట గంజి తాగేది. నా పొట్ట మీద ఈ గీతలన్నీ ఉండె. ఎవరైనా చూస్తే తిండికి లేనిదాన్నని తెలిసిపోతాదని కొంగు ఎగదోసి కట్టుకునేదాన్ని. అప్పుడు నేనూ పదినెలలు గదికి పోలే. మా అత్త మేకపోతును మొక్కుకున్నాది. నేనూ బిడ్డే అనుకున్నాను పాపా. పేరు కూడా అనుకున్నాను. అది బిడ్డ కాదు, ఆకలి."

తెన్మొళి అత్త మోకాలికి తల ఆనించింది. "పోటీ ఇరవై దినాలే ఉండాదత్తా. అది అయిపోనీ, మళ్ల తింటాను" అంది, బతిమాలుతున్నట్టు.

"నేను ఆపను" అంది ఓబమ్మ. "అంతమంది ముందర నిలబడేది తప్పని కూడా అనను. బిడ్డ కావాలని కూడా అడగను, అది మీ ఇద్దరి ఇష్టం. ఒక్కటి చెబుతాను. ఒళ్లు దానంతట అది పని ఆపేసిందంటే, దానికి భయం పట్టిందని. నేను కరువులో చిక్కుకున్నాను, నా ఒళ్లు భయపడింది. ఇంట్లో రాగులు మూటలు ఉండగా నీ ఒళ్లు ఎందుకు భయపడాల?"

ఓబమ్మ లేచి, గుడ్లు పగలకుండా మళ్లీ సంచిలో సర్దుకుంది.

మరుసటి రోజు ముగ్గురం ప్రభుత్వాసుపత్రిలో లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. రక్తం తీశారు, స్కాను చేశారు. ఒంట్లో వేరే జబ్బేమీ లేదన్నారు. కష్టానికి తగ్గ తిండి అందకపోతే ఒళ్లు మొదట ఆపేది నెలసరినేనని, ఇట్లాగే సాగితే ఎముకలు కూడా గుల్లబారతాయని ఆమె చెప్పారు. వ్యాయామం సగం చేసి, కడుపు నిండా తిని, మూడు నెలల్లో రాకపోతే మళ్లీ రమ్మన్నారు. అదంతా నాకు తెలిసిన సంగతే. తెలిసి కూడా చప్పట్లు కొట్టినందుకు ఆ కుర్చీలో తలెత్తలేకపోయాను.

బయటికి వచ్చాక తెన్మొళి గేటు దగ్గర కాసేపు నిలబడింది. అక్కడ ఉడకబెట్టిన వేరుశనగలు అమ్ముతున్నారు. ఒక పొట్లం కొనుక్కుని, మా ఇద్దరికీ ఒక్క గింజ పెట్టకుండా మొత్తం తినేసింది. నోట్లో గింజలుండగానే, "పోటీలో నుంచి నా పేరు తీసేయండక్కా" అంది. నేను అక్కడే ఫోన్ చేసి తీయించాను.

దీపావళి నాటికి ఆరు గీతలూ మసకబారాయి. ఒక పొద్దున అద్దం ముందు నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఎన్ని నెలల కష్టం, తుడిచిపెట్టుకుపోయిందక్కా అంది. నేను ఓదార్చలేదు, ఏమని ఓదారుస్తాను? ఆ గీతలు చూసి మురవడం నేర్పిందే నేను. కండ ఎక్కడికీ పోలేదని మాత్రం చెప్పి, అరవై కిలోలు తెచ్చి ముందు పెట్టాను. ముక్కు తుడుచుకుని నాలుగుసార్లు ఎత్తింది. ఆరు గీతలున్నప్పుడు యాభైకే కళ్లు తిరిగిన పిల్ల. "తింటా ఉంటే మళ్ల వస్తాయా?" అని అడిగింది. రెండు రావచ్చు, ఆరు నేను మాటివ్వలేనన్నాను.

మూడో నెల కూడా దాటిపోతుందేమోనని నేను రోజులు లెక్కబెట్టుకుంటున్నాను. పైకి అడగడానికి భయం. తెన్మొళి జిమ్‌లోకి అడుగుపెట్టగానే దాని ముఖం చూసేదాన్ని, అది తల అడ్డంగా ఊపేది. అంతకుమించి మా మధ్య ఆ మాట వచ్చేది కాదు.

కార్తీకంలో ముసురు పట్టిన ఒక రోజు తెన్మొళి రాలేదు. ఎనిమిదిన్నరకు ఓబమ్మ ఒక్కతే వచ్చింది, తడిసిన కొంగు పిండుకుంటూ. చంకలో స్టీలు డబ్బా. ఎవరు పలకరించినా ఆగకుండా, ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్నవాళ్లను కూడా దింపి, అందరి చేతుల్లోనూ ఒక్కొక్క ఉండ పెట్టింది. నువ్వులూ బెల్లమూ దంచి చేసిన చిమ్మిలి. ఇంట్లో ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు మావాళ్లు పంచే తీపి.

"ఎవరు పెద్దమనిషి అయ్యారమ్మా?" అని ఒకమ్మాయి తమిళంలో అడిగింది.

"మా కోడలు" అంది ఓబమ్మ, ఏ తడబాటూ లేకుండా.

అమ్మాయిలు ముఖాలు చూసుకుని నవ్వారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ఆ వెనకే కోపమూ వచ్చింది. "ఈ వానలో పిల్లను ఆ రేకుల గదిలో పడేసి, ఇక్కడికొచ్చి తీపి పంచుతున్నావా?" అని అరిచాను.

"గదికి ఎవరు పంపినారు? ఇంట్లోనే ఉండాది, నా మంచం మీద పడుకోనుండాది."

"వీధిలో వాళ్లు ఊరుకున్నారా?"

"ఎందుకూరుకుంటారు, వాకిట్లోకి వచ్చి అడిగినారు." ఓబమ్మ డబ్బా అడుగున మిగిలిన చివరి ఉండ తీసి నా చేతిలో పెట్టింది. "వాళ్లకు చెప్పిందే నీకూ చెబుతాను మాస్టరమ్మా. ఇన్ని నెలలు రాలే, రాలే అని ఎదురుచూసినాము. వచ్చిన దినం దాన్ని బయటికి తరిమేదా?"