జల్లెడాయన కోడలు

పెద్దాయనకు జల్లెడాయన అని పేరు పెట్టింది చేపలు కొనడానికి వచ్చేవాళ్ళే. లక్ష పిల్లలు పుడితే అరవయ్యో డెబ్బయ్యో ఉంచుకుని మిగతావన్నీ వద్దనే మనిషికి అంతకంటే తగిన పేరు దొరకదు. కొనేవాళ్ళను కూడా ఆయన అలాగే ఏరేవాడు. "మీ ఇంట్లో తొట్టి ఎంత లోతు?" అని అడిగేవాడు. నడుము లోతు లేదంటే, "అయితే తాబేలుని పెంచుకోండి, గొడవుండదు" అని గేటుదాకా వచ్చి మరీ సాగనంపేవాడు.

ఇంటి వెనక ఆరు చిన్న చెరువులు, ఒక రేకుల షెడ్డు, షెడ్డులో ఎనిమిది సిమెంటు తొట్లు. వాళ్ళ ఫారం అంతే. తినే చేపలు కావవి. ఎరుపూ తెలుపూ నలుపూ మచ్చలతో, చూసి మురిసిపోవడానికి పెంచే కోయి చేపలు. కొడుకు ఊళ్ళో పంపుల మెకానిక్కు. మోటారు మూలిగితే కొడుకు, చేప మేత మానితే కోడలు, ఇద్దరిలో ఎవరు ఆలస్యం చేసినా పెద్దాయన నోరు. ఆ ఇంట్లో పనులు అలా పంచుకున్నారు.

పన్నెండేళ్ళ కిందట ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు కోడలికి చేపల గురించి ఏమీ తెలీదు. మామగారు తెల్ల గిన్నెలో పిల్లల్ని పోసుకుని, ఇది ఉంటుంది, ఇది పోతుంది అని చకచకా ఏరుతుంటే, పోయేవాటిని చూసి మొదటి ఏడాది వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. రెండో ఏడాది పక్కన కూర్చుంది. వెన్ను నిటారుగా ఉందా, మూతి సరిగ్గా ఉందా, ఎరుపు అంచు కత్తితో కోసినట్టుందా, చెదిరిందా, ఒక్కొక్కటీ చూడటం నేర్చుకుంది. నోరు తెరిచి ఆయనేమీ నేర్పలేదు. ఆమె తప్పు చెప్పినప్పుడు గొంతు సవరించుకునేవాడు, అంతే.

క్రితం చలికాలం మొదట్లో ఆమే ఆ మాట ఎత్తింది.

"మన చేపల్లో ఎరుపు పల్చబడుతోంది మామయ్యా. బయటినించి ఒక మగదాన్ని తేవాలి."

"బయటి నీటిబొట్టు కూడా మన నీళ్ళలో కలవనివ్వలేదు నేను. ఇరవై ఏళ్ళుగా."

"ఆరు వారాలు విడిగా ఉంచుదాం. వల వేరు, బకెట్టు వేరు. అన్నీ నేనే చూసుకుంటా."

పెద్దాయన మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మేత బస్తా విప్పుతూ, "ఎనిమిది వారాలు" అన్నాడు.

అలా వచ్చింది మగచేప. మూరెడు పొడవు, పాలలాంటి తెలుపు మీద దానిమ్మ గింజ ఎరుపు. షెడ్డులో చివరి తొట్టి దానికిచ్చారు. దాని దగ్గరికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఆమె మోచేతుల దాకా చేతులు కడుక్కునేది, చెప్పులు మార్చేది. ఆ మర్యాదలు చూసి పెద్దాయన దానికి అల్లుడుగారని పేరు పెట్టాడు. "అల్లుడుగారు భోంచేశారా?" అని రోజూ అడిగేవాడు. ఎప్పుడూ నవ్వని ఆమె భర్త కూడా దానికి నవ్వాడు. అల్లుడుగారు ఎనిమిది వారాలూ పెట్టిందంతా తిన్నాడు. ఒక్క పొలుసు కూడా చెదరలేదు.

చలి తగ్గాక దాన్ని తల్లి చేపల చెరువులోకి వదిలారు. గుడ్లు పెట్టే రోజుకి తల్లిచేపను ఆమే ఎంచింది. వారం తిరక్కుండా తొట్టి నిండా కంటికి ఆనని పిల్లలు. మొదటి ఏరివేత నాడు పెద్దాయన తెల్ల గిన్నె తెచ్చి ఆమె చేతిలో పెట్టి, వెనక స్టూలు మీద కూర్చున్నాడు. "నాకు కళ్ళు మసకలు" అన్నాడు. అంతకు ముందు రోజే చెరువు అవతలి గట్టున ఉన్న కప్పను చూసి కొడుకుని కేకేసిన మనిషి. ఆమె ఏరుతున్నంతసేపూ ఆయన ఒక్కసారి కూడా గొంతు సవరించుకోలేదు. మూడు ఏరివేతలయ్యేసరికి అరవై మూడు పిల్లలు మిగిలాయి. వేలెడంత లేవు, అయినా వాటిని చూసినవాళ్ళు మాట మధ్యలో ఆపేసేవాళ్ళు.

ఎండలు ముదిరి నీళ్ళు వెచ్చబడ్డాక, ఒక మంగళవారం పొద్దున తల్లిచేప మేతకు రాలేదు. నీటిపైన మూతి పెట్టి గాలి గుటకలు వేస్తోంది. కళ్ళు లోపలికి పోయాయి. ఆమె దాన్ని వలలోకి తీసి, తడి చేత్తో మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా ఉండాల్సిన మొప్ప మీద తెల్లతెల్లగా మచ్చలు. కొసలు కుళ్ళిపోయి ఉన్నాయి. అలాంటి మొప్ప బొమ్మను చేపల జబ్బుల పుస్తకంలో చూసింది. చూసి గబుక్కున పేజీ తిప్పేసింది కూడా.

"మామయ్యా, డాక్టరుగారికి ఫోను చేద్దాం."

"ముందు ఉప్పు వేద్దాం" అన్నాడు పెద్దాయన.

ఉప్పు వేశారు. సగం నీళ్ళు మార్చారు. కొడుకు పని మానుకుని వచ్చి ఇంకో గాలి మిషను బిగించాడు. బుధవారం నాలుగు చేపలు పోయాయి. గురువారం పదకొండు. ఇరవై ఏళ్ళ వయసున్న ముసలి నల్లచేప, పెద్దాయన మొట్టమొదట పెంచింది, శుక్రవారం పక్కకు ఒరిగి తేలింది. దాన్ని ఆయన చేతులతోనే తీసి గట్టున పెట్టి, "ఇంక ఫోను చెయ్యమ్మాయ్" అన్నాడు.

చేపల డాక్టరు మర్యాదస్తుడు. గేటు బయటే రబ్బరు బూట్లు వేసుకుని, మందు నీళ్ళలో కాళ్ళు ముంచి లోపలికొచ్చాడు. నాలుగు మొప్పలు చూశాడు. సీసాల్లో ముక్కలు తీసుకున్నాడు. అరవై మూడు పిల్లల్లోంచి కూడా ఐదింటి తోక అంచు కత్తిరించాడు.

"మందేంటండీ?" అన్నాడు పెద్దాయన.

"దీనికి మందు లేదండి. వైరస్సు. ల్యాబు వాళ్ళు చెప్పాలిగానీ, నాకైతే అనుమానం లేదు." సీసాలకు మూతలు బిగిస్తూ, "కొత్త చేప ఏదైనా వచ్చిందా?" అని అడిగాడు.

కొడుకు చెరువు వైపు చెయ్యి చూపించాడు. చెరువు మధ్యలో, చచ్చేవాటి మధ్య, అల్లుడుగారు నిక్షేపంలా తిరుగుతున్నాడు.

"ఎనిమిది వారాలు విడిగా ఉంచామండీ" అంది ఆమె. "ఏదీ కలవనివ్వలేదు."

"చలికాలంలో కదమ్మా? చల్లటి నీళ్ళలో ఈ వైరస్సు నిద్రపోతుంది. చలి ఉన్నన్నాళ్ళూ ఎంతకాలం ఉంచినా బయటపడదు. దాన్ని మోసే చేపకి ఏమీ కాదు, చుట్టూ ఉన్నవే పోతాయి."

"అయితే మేం చేసిన తప్పేంటండీ?"

"మీ తప్పేం లేదమ్మా" అన్నాడు డాక్టరు.

ఆ మాట ఆమెకు ఊరట అవుతుందనుకున్నాడు కాబోలు. ఆమెకు అదే మింగుడు పడలేదు. వల మార్చడం మర్చిపోయావనో, చేతులు కడగలేదనో అని ఉంటే, పట్టుకుని ఏడవడానికి ఏదో ఒకటి ఉండేది. మామగారు తిట్టినా బాగుండేది. సాయంత్రం ఆయన మేత డబ్బా ఆమె చేతికి అందించి, చేపలు తినవని గుర్తొచ్చి, మళ్ళీ తీసుకున్నాడు.

ల్యాబు కబురు రావడానికి ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ వాళ్ళు చేసిన పని, తేలినవాటిని తియ్యడం. అరవై మూడు పిల్లలూ మాత్రం ఆమె నీడ పడితే చాలు, గుంపుగా ఎదురొచ్చేవి. వాటి చెరువు విడిగా ఉంది, వాటికేం కాదు అని భర్త అన్నాడు. ఆమె తల ఊపింది. నీళ్ళొచ్చే గొట్టం ఒకటేనని ఇద్దరికీ తెలుసు, ఆ గొట్టం బిగించింది అతనే.

బుధవారం డాక్టరు ఫోను చేశాడు. పెద్ద చేపలన్నిటిలోనూ ఉంది. పిల్లల్లో ఇచ్చిన ఐదింటిలో రెండింటికి ఉంది. ఫారంలో ఈదేదేదీ మిగలకూడదని ఉత్తర్వు.

"పిల్లలు బాగున్నాయి డాక్టరుగారూ. మీరొచ్చి చూడండి, ఒక్కటి కూడా మేత మానలేదు."

"తెలుసమ్మా. చూశాను కదా."

తర్వాతి రోజు పొద్దున్నే ఇద్దరు మనుషులతో వచ్చాడు. కొడుకు అప్పటికే వెనక గొయ్యి తవ్వించి, దాని పక్కన సున్నం బస్తాలు దించాడు. మిగిలిన పంతొమ్మిది పెద్ద చేపల్నీ, అల్లుడుగారినీ వచ్చిన మనుషులే తీశారు. పిల్లల చెరువు దగ్గరికి వాళ్ళు వల తీసుకుని వెళ్తుంటే పెద్దాయన అడ్డం వచ్చాడు. డాక్టరు కంగారుపడ్డాడు.

"గొడవ చెయ్యనండి" అన్నాడు పెద్దాయన. "అవి మేం తీసుకుంటాం. అంతే."

రెండు బకెట్లలో లవంగ నూనె కలిపిన నీళ్ళు పెట్టారు. అందులో పడ్డ చేపకు మత్తొస్తుంది, మత్తులోనే ఊపిరి ఆగిపోతుంది. పెద్దాయన తెల్ల గిన్నె తెచ్చుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఒక్కో పిల్లనూ గిన్నెలో వెయ్యమని కోడలితో అన్నాడు. ఏం చేస్తున్నాడో ఆమెకు మొదట అర్థం కాలేదు.

"దీని నడుము చూడు. రెండేళ్ళకి వంగిపోతుంది. నువ్వు దీన్ని ఉంచకూడదు" అన్నాడు.

"అవును మామయ్యా" అంది.

ఆయన గిన్నెను బకెట్లోకి వంచాడు.

"ఇది పర్వాలేదు. మూతి బాగుంది."

వంచాడు.

"ఇది పెద్దయ్యాక నలుపు తేలుతుంది. ఇప్పుడు కనపడదు. ఇదిగో, ఇక్కడ, నీలంగా ఉంది చూశావా? నేనిలాంటివి తెలీక పారేసేవాణ్ణి మొదట్లో."

పన్నెండేళ్ళలో చెప్పనిదంతా ఆ గంటలో చెప్పాడు. ఆమె వింటూ, అవునంటూ, ఒక్కొక్కదాన్నే వేస్తూ పోయింది. ఎవరూ తొందరపెట్టలేదు. డాక్టరు అటు తిరిగి నిలబడ్డాడు. యాభై దాటాక ఒక పిల్ల వచ్చింది. తెల్లటి ఒంటి మీద మూడే మూడు ఎర్ర మచ్చలు, ఎక్కడ ఉండాలో అక్కడ. పెద్దాయన దాన్ని గిన్నెలో రెండు చుట్లు తిరగనిచ్చాడు.

"నా చేతి మీదుగా ఇలాంటిది పుట్టలేదమ్మాయ్" అన్నాడు.

గిన్నె వంచలేదు. ఆమె రెండు చేతులూ చాపి గిన్నె పట్టుకుంది. ఆయన వెంటనే వదల్లేదు. కాసేపు ఇద్దరి చేతుల్లో ఉందది. తర్వాత వదిలాడు. ఆమె వంచింది. మిగిలినవాటి గురించి ఆయన ఏమీ చెప్పలేదు.

చెరువులు ఎండగట్టి సున్నం చల్లారు. వలలూ బ్రష్షులూ కాల్చేశారు. అది అయ్యాక ఆమె అమ్మకాల పుస్తకం తీసింది. మగచేప చెరువులో పడ్డాక వాళ్ళ ఫారం నుంచి చేపలు వెళ్ళిన ఇళ్ళు ఇరవై మూడు.

"ఎందుకమ్మాయ్?" అన్నాడు పెద్దాయన. "ఇంక మన దగ్గర ఎవరూ కొనరు."

"చెప్పకపోతే వాళ్ళు ఇంకో చేపను తెచ్చి అందులో వేస్తారు మామయ్యా. అదీ పోతుంది. ఎందుకు పోయిందో కూడా తెలీదు వాళ్ళకి."

మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని మొదలుపెట్టింది. ఒకాయన అరిచాడు. ఒకావిడ, మావి పదిరోజుల కిందటే పోయాయి, నీళ్ళు మార్చక అనుకుని మా ఆయన్ని తిట్టాను అంది. ఎనిమిదో ఫోను సంగీతం టీచరుకి. ఉద్యోగం మానేసి ఒక్కతే ఉంటోంది. రెండు చేపలు తీసుకుంది, ఒకటి పోయింది.

"రెండోది బ్రహ్మాండంగా ఉందమ్మా. నా వేళ్ళలోంచే తింటుంది. దానికీ ఉందంటావా?"

"ఉండొచ్చు టీచరుగారూ. ఉన్నా బయటికి తెలీదు."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

అందులో వేరే చేపను వెయ్యకండి, దీన్ని ఎవరికీ ఇవ్వకండి, ఆ నీళ్ళు కాలవలోకి వదలకండి అని డాక్టరు రాసిచ్చింది చదివింది. అవన్నీ చెయ్యకూడని పనులే. చెయ్యాల్సింది ఒక్కటీ లేదు.

"అంటే అది బతికున్నన్నాళ్ళూ ఒంటరిగా ఉండాలా?"

"అవునండీ."

"సరేలే" అంది టీచరు చివరికి, ఎవరితో అంటోందో తెలీకుండా.

ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెద్దాయన లోపల్నుంచి వచ్చి పక్కన కూర్చున్నాడు. పుస్తకంలోకి చూడకుండానే, "తర్వాత పళ్ళ డాక్టరుది" అన్నాడు. "నాలుగు తీసుకెళ్ళాడు. అందులో ఒక పసుపుదాన్ని ఇవ్వనంటే బతిమాలి తీసుకెళ్ళాడు. ఇలా ఇవ్వు, నేను మాట్లాడతా."

నంబరు నొక్కి ఆయన చేతికిచ్చింది. అవతలి మనిషి ఎత్తాడు, ఎత్తీ ఎత్తగానే, ఈ ఏడాది పిల్లలు ఎలా ఉన్నాయండీ, ఎప్పుడు రమ్మంటారు అని హుషారుగా అడగడం ఆమెకు కూడా వినిపించింది. పెద్దాయన నోరు తెరిచాడు. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, నువ్వు చెప్పు అన్నట్టు ఆమె వైపు చూశాడు.