కట్టమన్నావు కదేటి

గాలి ముందు వాసనగా వస్తుంది.

మాగిన జీడిపండు వాసన. దాని వెనకాల ఉప్పు. ఆ వెనకాల, ఎక్కడో — సముద్రం హోరు.

యుగంధర్ గుండెనిండా పీల్చుకున్నాడు. సుమ్మాదేవి ఊళ్లో పుట్టినవాడికి ఉద్దానం గాలి కొత్త కాదు. దర్శకుడి కుర్చీ కొత్త.

ఇన్నేళ్లూ డాక్యుమెంటరీలకు కెమెరా పట్టాడు. జరిగేది జరుగుతుంది... తను తీస్తాడు. ఎవరినీ ఆగమనడు. ఎవరినీ మళ్లీ చెయ్యమనడు. ఆ పనికి అదే నీతి.

తొంభైతొమ్మిది తుపాను నాడు ఆ నీతే కొంప ముంచింది.

ఈ తోటల్లోనే ఒకావిడ, ఎటైనా పోయి బతుకుతుందని, పలుపు విప్పి ఆవును వదిలేసింది. వెనక్కి చూడకుండా నడిచింది. ఆవు దూడలాగా ఆమె వెంటపడింది. ఆ క్షణాన యుగంధర్ రీలు మారుస్తున్నాడు.

మరొక్కసారి, అమ్మా... అనలేకపోయాడు.

ఆ ఒక్క మాట అనడానికే దర్శకుడయ్యాడు.

ఇవాళ ఆ సీనే. షూటింగ్‌కి ఆఖరి రోజు. ఆఖరి రీలు. కెమెరా దగ్గర శిష్యురాలు ధరణి. ఆవు దగ్గర, ఈ తోటల్లో జీడిపిక్కలేరే గౌరీశ్వరి.

"యాక్షన్!"

గౌరీశ్వరి పలుపు విప్పింది. నడిచింది. ఆవు మాత్రం కదల్లేదు. మెడలో గంటైనా మోగలేదు. తీరిగ్గా నెమరేసింది.

"కట్!"

అంతే... గౌరీశ్వరి పరుగున వెనక్కొచ్చింది. ఆవును చెట్టు మొదలుకి కట్టేసింది. ముడి మీద ముడి.

"ఏటి పిన్నీ ఇది?"

"నువ్వే కదేటి బావూ కట్టమని అరిసినావు! కట్టీసినాను. ఇప్పమంటావు, కట్టమంటావు... ఆవుకీ పిచ్చెక్కిపోద్ది, నీకెక్కినట్టు!"

తోటంతా నవ్వింది. యుగంధర్ కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు.

"సార్, రీలు ఇంకొక్కసారికి వస్తుందో రాదో..." అంది ధరణి.

అప్పుడన్నాడు. ఇన్నేళ్లు దాచుకున్న మాట.

"మరొక్కసారి, పిన్నీ."

జీడిపండు కొరికినట్టుంది ఆ మాట. తీపి... వగరు.

"ఈసారి నేను అరవను. నడుస్తూనే ఉండు."

పలుపు జారింది. గౌరీశ్వరి నడిచింది. వెనక్కి చూడలేదు. ఆవు పలుపును చూసింది. చెట్టును చూసింది. ఆమె వీపును చూసింది.

ఒక గిట్ట కదిలింది.

ఇంకో గిట్ట.

రీలు తిరుగుతోందో, అయిపోయిందో... గాలి హోరులో వినపడలేదు. ధరణి కెమెరా నుంచి తలెత్తలేదు. యుగంధర్ అడగలేదు. ఈసారి కళ్లారా చూస్తున్నాడు.

చెట్ల అవతలి నుంచి కేక —

"బావూ! ఇంక కట్టీమంటావేటి?"



జీడిపండు వాసన. దాని వెనకాల ఉప్పు. ఆ వెనకాల, ఎక్కడో — ఆవు మెడలో గంట...