పంతొమ్మిదో మంచం వెనక గోడ

పొద్దున్నే వంటింట్లో గౌరి చేసే మొదటి పని అత్తగారికి ఆ రోజు నీళ్ళు కొలిచి పెట్టడం. ముప్పావు లీటరు సీసా, దాని మీద స్కెచ్ పెన్నుతో గీసిన నాలుగు గీతలు. మందులకి ఇంత, టీకి ఇంత, రెండు పూటలా అన్నం తిన్నాక ఇంత. అత్తగారు వరహాలమ్మకి కిడ్నీలు పాడై మూడేళ్ళయింది, అంతకు మించి నీళ్ళు తాగకూడదు. ఉద్దానం మనుషులకి ఇది వింత కాదు, వాళ్ళ వీధిలోనే ఇంకా అయిదుగురున్నారు. వారానికి మూడుసార్లు టెక్కలి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. ఆటో మాట్లాడేది గౌరి, ఫైలు సర్దేది గౌరి, అక్కడ దింపి మళ్ళీ కాశీబుగ్గ ఆఫీసుకి పరిగెత్తుకొచ్చేది గౌరి. ఆమె భర్త నాగరాజు బళ్ళో లెక్కల మాస్టారు. "నీకేటి, ఏసీలో కూసుని పైపుల బొమ్మలు గీసుకుంతావు. గంట ఆలీసెమైతే ఎవులడుగుతారు?" అంటాడు. కోపంతో అనడు. బయట ఎండగా ఉంది అని చెప్పినట్టు అంటాడు. కోపంగా అంటే తిరిగి ఒక మాట అనడానికైనా ఉండేది.

గౌరి గీసేవి బొమ్మలు కావు. భవనానికి నీళ్ళూ, కరెంటూ, గాలీ ఏ దారిన రావాలో, ఏ దారిన పోవాలో లెక్కకట్టి పెట్టించే కంపెనీలో ఆమె ఇంజినీరు. యజమాని తారకేశ్వరరావు. బోర్డు మీద పేరు ఆయనదే గానీ, కంపెనీ బుర్ర మాత్రం హేమలత మేడమ్‌దని పని తెలిసినవాళ్ళంతా అంటారు. హేమలతకి యాభై నాలుగేళ్ళు. అక్కుపల్లిలో సముద్రం మీద చేపల వేటకెళ్ళే పైడిరాజు కూతురు. డిప్లొమా చదివి, ఇతరులు గీసిన వాటికి నకళ్ళు తీసే పనితో చేరి, ముప్పై ఏళ్ళు పనిచేసి చీఫ్ ఇంజినీరయింది. తిరుగుతున్న పంపు మీద అరచెయ్యి ఆనించి, ఇది ఇంకో నెల బతకదని చెప్పేది. చెప్పినట్టే అయ్యేది. ఎంత పెద్ద కాంట్రాక్టరు ఎదురుగా కూర్చున్నా అక్కుపల్లి మాటే మాటాడేది. "కిటికీలు మూసీసినారు, బాగుంది. మరి మనుసులు ఊపిరి తియ్యరేటి బాబూ?" అని ఆమె అడిగితే కోట్లు వేసుకున్నవాళ్ళు కూడా కాగితాలు మళ్ళీ తిరగేసేవారు.

తారకేశ్వరరావు ఆమెని కొత్తవాళ్ళకి పరిచయం చేస్తూ, "మా హేమలత, ఇంట్లో మనిసిలాటిది" అనేవాడు. ఆమె నవ్వుతూనే, "ఇంజినీరుని కూడానండి" అనేది. ఆ రెండు ముక్కలూ గౌరికి ఎంతో నచ్చాయి. ఇంటికెళ్ళే దారిలో లోలోపల అనుకుని చూసుకునేది. ఎవరి ముందూ అనలేదు.

ఆ ఏడు వాళ్ళు పట్టిన పెద్ద పని పలాసలో ఇరవై మంచాల డయాలసిస్ సెంటరు. అక్కడ నీళ్ళే ప్రాణం. శుద్ధి చేసిన నీరు ఒకే పైపులో మంచం వెనక మంచానికి వెళ్ళి, చుట్టూ తిరిగి మళ్ళీ ట్యాంకుకే రావాలి. ఎక్కడా ఒక్క క్షణం నిలవకూడదు. నిలిస్తే పాచి పడుతుంది. ఆ చుట్టు దారి గీసింది గౌరి. నాలుగు నెలలు కూర్చుని ప్రతి మలుపూ లెక్కకట్టింది. నెల రోజులుగా అందులో నీళ్ళు తిప్పి చూస్తున్నారు. సోమవారం ప్రారంభం. శిలాఫలకం చెక్కడం కూడా అయిపోయింది.

గురువారం చివరిసారి చూసి రావడానికి గౌరి సైటుకి వెళ్ళింది. పంతొమ్మిదో మంచం దగ్గర ఆగిపోయింది. గోడలోంచి రెండు పైపుల కొసలు బయటికి కనబడాలి, నీళ్ళు వచ్చేదొకటి, వెళ్ళేదొకటి. ఒక్కటే ఉంది. సైటు సూపర్‌వైజరు ఢిల్లీబాబుని అడిగితే అతను ఫైల్లోంచి ఒక కాగితం తీసి చూపించాడు. నర్సుల బల్ల కోసం చివరి రెండు మంచాలూ పక్కకి జరిపారు. వాటికోసం చుట్టు తిరిగే పైపులోంచి ఎనిమిది అడుగుల కొమ్మ లాగి అక్కడితో ఆపేశారు. తిరుగు దారి లేదు. గౌరి పురిటి సెలవులో ఉన్న రోజుల్లో జరిగిన మార్పు అది.

"మాకు నచ్చింది సేసీలేదమ్మా. సంతకం సూడు," అన్నాడు ఢిల్లీబాబు.

కింద హేమలత సంతకం ఉంది.

ఆ కాగితం ఫొటో తీసుకుని గౌరి ఇంటికొచ్చింది, పప్పు ఉడికించింది, బట్టలు మడిచింది, పిల్లకి పాలిచ్చింది. చేతుల పని చేతులు చేసుకుపోతుంటే లోపల ఒకటే మాట తిరిగింది. చెప్తే ఎవరికి పండగ? ఆడదాన్ని చీఫ్‌గా పెడితే ఇంతేనని అనడానికి ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నవాళ్ళకి. తాను ఉద్యోగంలో చేరిన మొదటి వారం తారకేశ్వరరావు "పెళ్ళయిన పిల్ల, ఎన్నాళ్ళుంతాది" అన్నప్పుడు, "నేనున్నన్నాళ్ళు ఉంతాది" అని అడ్డుపడింది ఈ మనిషే. పురిటి తర్వాత ఆర్నెల్ల పిల్లతో వస్తే, స్టోరు గదిలో అట్టపెట్టెలు తీయించి ఉయ్యాల కట్టించింది ఈ మనిషే. అలాంటి మనిషి పేరు నలుగురి ముందు తప్పు పక్కన పెట్టాలా? చెప్పకుండా ఉండిపోతే ఎవరికీ తెలియదు. గోడకి టైల్సు అతికించేశారు. రోగికి చలి జ్వరం వస్తే అదేదో జ్వరమనుకుంటారు. శుక్రవారం ఉదయం టెక్కలి ఆటోలో వరహాలమ్మ ఆమె భుజం మీద తల వాల్చి, "ఇక పలాసలోనే అంట కదే. ఈ గతుకులు తప్పుతాయి," అంది. గౌరి ఆ చేతి మీద ఉబ్బిన నరాన్ని, సూదుల మచ్చల్ని చూస్తూ కూర్చుంది. మూడేళ్ళుగా చూస్తున్న చెయ్యే. ఆ రోజు చూడలేకపోయింది.

శనివారం చివరి సమావేశం. బల్ల చుట్టూ తారకేశ్వరరావు, ఢిల్లీబాబు, ఆసుపత్రి తరఫున ఇద్దరు. హేమలత కళ్ళద్దాలు తీసి, "ఎవులికైనా సెప్పాల్సింది ఉంటే ఇప్పుడే సెప్పండి. రేపు సెప్తే పనికి రాదు," అంది.

గౌరి లేచి నిలబడింది. పంతొమ్మిది, ఇరవై మంచాల దగ్గర నీళ్ళు నిలుస్తున్నాయని, ఎందుకు నిలుస్తున్నాయో, ఎన్ని అడుగుల మేర నిలుస్తున్నాయో చెప్పింది.

"అది మేడమ్ సంతకం సేసిన డ్రాయింగమ్మా," అన్నాడు తారకేశ్వరరావు. ఢిల్లీబాబు కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు.

"తెలుసండి," అంది గౌరి.

హేమలత చెయ్యి చాచింది. గౌరి ఫొటో నుంచి తీయించి తెచ్చిన కాగితం తీసుకుని, చివరి రెండు మంచాల గీతల మీద వేలు పెట్టి చూసింది. ఆమె ముఖంలోకి చూసే ధైర్యం గౌరికి లేకపోయింది.

"సంతకం నాదే," అంది హేమలత. "సూడకుండా సేసినాననుకోకండి. సూసే సేసినాను. మంచాలు సరిపోయాయా లేదా అని సూసినాను, నీళ్ళని సూడలేదు. తప్పు నాది."

తారకేశ్వరరావు గొంతు తగ్గించాడు. "మందు కలిపి కడిగించీవచ్చు కదా. సోమవారం మంత్రిగారొస్తన్నారు. ఇప్పుడు గోడ బద్దలు కొట్టడమేటి?"

"కడిగితే ఈవేల్టికి పోద్ది సార్. మళ్ళీ పడతాది. అది తాగే నీరు కాదు, మనిసి నెత్తురు పక్కనుంచి పారే నీరు. గోడ తియ్యాల." ఆసుపత్రివాళ్ళ వైపు తిరిగింది. "రెండు వారాలు గడువు అడుగుతూ ఉత్తరం నేను రాస్తాను. కారణం కూడా నేనే రాస్తాను."

రాసింది. 'సాంకేతిక కారణాలవల్ల' అని పెట్టమని తారకేశ్వరరావు రెండుసార్లు చెప్పి చూశాడు. హేమలత తన పేరు పెట్టి, తాను ఆమోదించిన మార్పులో లోపం ఉందని, దాన్ని కనిపెట్టింది ఇంజినీరు గౌరి అని రాసింది.

ఆ మధ్యాహ్నమే గోడ తీశారు. ఎక్కడ కొయ్యాలో సున్నంతో గీత గీయమని హేమలత గౌరికే చెప్పింది. కోసిన పైపు ముక్కని చీల్చి లోపల వేలు పెడితే, జిగురుగా పల్చటి పొర అంటుకుంది. చేప పొలుసు కింద ఉండేలాంటి జిగురు. ఢిల్లీబాబు చూశాడు. కాసేపటికి అతనే పైపులు మోయడం మొదలుపెట్టాడు.

అందరూ దూరం జరిగాక గౌరి అంది. "మిమ్మల్ని తగ్గించాలని కాదు మేడమ్. రెండు రోజులు చెప్పలేకపోయాను."

హేమలత పైపు ముక్కని గుడ్డతో తుడుస్తూ నిలబడింది. "నన్ను సూసి ఆగిపోయినావు. అదొక్కటే నాకు నచ్చలేదు. నీ మీద కాదు కోపం, నా మీద. నా కింద పనిచేసే పిల్ల నా తప్పు సెప్పడానికి రెండ్రోజులు నిద్ర లేకండా ఉందంటే నేను సరిగ్గా నేర్పలేదనే కదా." ముక్కని పక్కన పెట్టి అంది, "పైపుల్లో నీళ్ళు వదిలి సూసే పని ఇక నీదే. ఇక్కడే కాదు, మనం పట్టిన ప్రతి సైటులోనూ. నువ్వు సరే అనేదాకా నా సంతకం పడదు."

ముప్పై ఏళ్ళుగా సంపాదించుకున్న పేరుని ఒక్క పూటలో పణంగా పెట్టినా, ఈ మనిషి ఏమీ తగ్గలేదు. అది గౌరి కళ్ళ ముందే జరిగింది. భయం లేకపోవడం వేరు, భయంతోనే నిజం దగ్గర నిలబడడం వేరని అర్థమైంది. ఉత్తరం మీద సంతకం పెట్టే ముందు మేడమ్ రెండుసార్లు పెన్ను కింద పెట్టి మళ్ళీ తీసుకోవడం ఆమె చూసింది.

సాయంత్రం నాగరాజు విషయమంతా విన్నాడు. "నీకెందుకే అంత? మీ మేడమే సంతకం పెట్టీసినాక? ఇప్పుడు నీ మూలాన అమ్మకి ఇంకో ఆరుసార్లు టెక్కలి తిరుగుడు."

వరహాలమ్మ మంచం మీంచి, "ఆ పాచి నీళ్ళు నన్నెక్కించుకోమంతావేట్రా?" అంది.

గౌరి పిల్లని చంకనెత్తుకుని వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. నాగరాజు పనిచేసే బడి హరిశ్చంద్రపురంలో. మూడేళ్ళుగా వారానికి ఆరు రోజులూ బండి మీద టెక్కలి మీదుగానే వెళ్తున్నాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎన్నడూ పైకి అనలేదు, గౌరి కూడా.

"సోమవారం నుంచి ఏడింటికి నేను సైటులో ఉండాలి," అంది. "అత్తని మీరు దింపండి. టెక్కలి మీ దారిలోనే ఉంది."