కొమ్రెల్లి చెయ్యి

నేను ఒక కుడిచేతిని, ఎముకా నెత్తురూ లేని చేతిని. హైదరాబాదు పొలిమేరలో ఒక కార్ఖానాలో పుట్టాను. మోచేతి దగ్గర నరాలకు నన్ను అతికిస్తే, మనిషి తలచుకోగానే కదులుతాను. ఈ కాలంలో ఇదేమీ వింత కాదు. ఒకరికి కన్ను, ఒకరికి చెవి, ఇంకొకరికి సగం గుండె మావాళ్లే. ఎక్కడిదాకా మనిషో ఎక్కణ్నుంచి యంత్రమో వాళ్లకే తెలియదు. అయినా కొత్త చెయ్యి పెట్టించుకోవడానికి ముహూర్తం చూసుకోవడం మాత్రం మానలేదు.

నా మొదటి మనిషి కొమ్రెల్లి, జనగామ దగ్గర డప్పు కొట్టేవాడు. అతని సొంత చెయ్యి కోతమిషన్లో పోయింది. మనిషి అలవాటును పట్టుకోవడమే నా పని కనుక అతని దెబ్బలన్నీ పట్టుకున్నాను. డప్పు లేనప్పుడు కంచం అంచు, మంచం కోడు, ఏది దొరికితే అది వాయించేవాడు. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. మాది ఏళ్ల సావాసం. అతను పోయేనాటికి ఊరకుండటం నాకు చేతకాకుండా పోయింది.

మనిషి పోతే చెయ్యి తిరిగి వరంగల్ సర్వీసు సెంటరుకు చేరుతుంది. అక్కడ పాత అలవాట్లన్నీ తుడిచేసి మరొకరికి పెడతారు. నన్ను తుడవవలసిన నాడు దసరా వచ్చింది. మెకానిక్ శ్రవణ్ చేతులన్నిటినీ ఒకే బల్ల మీద పేర్చి, పసుపు రాసి బొట్లు పెట్టాడు. పూజకు పెట్టిన పనిముట్టును ఆ రోజు ముట్టరు. మర్నాడు చూస్తే తుడిచినవీ తుడవనివీ ఒకేలా బొట్లతో మెరుస్తున్నాయి. అన్నీ తుడిచినవేననుకున్నాడు.

అలా నేను అనసూయకు దక్కాను. ఆమెది మగ్గం పని. పెళ్లికూతుళ్ల రవికల మీద సూదితో పూసలు కుట్టాలి. నేనేమో సూది పట్టుకునే దరువెయ్యడం మొదలుపెట్టాను. పూసలు చెదిరాయి, పట్టు చిరిగింది. ఇంకొక్క రవిక పాడైతే పనిలోకి రావద్దని దుకాణం యజమాని చెప్పేశాడు. నాకు సిగ్గేసింది. అయినా ఆగలేకపోయాను.

"తప్పు నాదే అక్కా," అన్నాడు శ్రవణ్, ఆమె సెంటరుకు వస్తే నన్ను పరీక్ష చేసి. "ఇంతకుముందాయన డప్పు కొట్టేటోడు. కూసో, ఇప్పుడే తుడిచేస్త."

అనసూయ కూర్చోబోయి ఆగింది. "ఆయనింట్ల ఎవరన్న ఉన్నరా?"

"భార్య ఉన్నది. రాజవ్వ."

"ఆమెను ఒక్కమాట అడిగి వస్త," అని నన్ను కొంగులో దాచుకుని బయల్దేరింది. ఎవరి సొత్తు ఎవరు తుడవాలనే బెంగ ఆమెను నిలవనివ్వలేదు. నన్ను అడిగినవాళ్లు మాత్రం లేరు.

రాజవ్వ సంగతి విన్నది. ముందు అన్నం పెట్టింది. కంచం కనబడగానే నేను మొదలుపెట్టాను. అంచు మీద టకటకా అదే దరువు. ముసలామె గంటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాసేపటికి దగ్గరగా వచ్చి కూర్చుని, నా మణికట్టు మీద అరచెయ్యి వేసి అదిమింది.

"ఇగ చాలు. బువ్వ తిను."

ఆగిపోయాను. కొమ్రెల్లి ఉన్నన్నాళ్లూ పూటపూటా అలాగే ఆగాను. అతని దెబ్బలతోపాటు ఆమె అదుపు కూడా నేర్చుకున్నానని నాకే తెలియదు. మళ్లీ అదిమినవాళ్లు లేక ఇన్నాళ్లూ కొట్టుకుంటూనే ఉన్నాను.

"తుడిపిస్తవా బిడ్డా?" అంది రాజవ్వ, చెయ్యి తీయకుండానే.

"లేదవ్వా," అంది అనసూయ. ఏడుస్తోంది. "ఎట్ల ఆపాల్నో తెల్వకనే తుడిపిద్దామనుకున్న."

ఇప్పుడు సూది పట్టే ముందు అనసూయ ఎడమచేత్తో నా మణికట్టు అదుముతుంది. పని అయ్యేదాకా బుద్ధిగా ఉంటాను. ఆ తర్వాత ఒక్క రవికా చెడలేదు. సాయంత్రం రాజవ్వకు ఫోను కలిపి, నన్ను మగ్గం చట్రం మీద వదిలేస్తుంది. అవతల ముసలామె చాలాసేపు వింటుంది. విని విని, "ఇగ చాలు," అంటుంది.

ఫోనులో అంటే నేను ఆగను. మణికట్టు మీద చెయ్యి పడాలి. ఆ సంగతి ఆమెకూ తెలుసు.