రేణుకమ్మ తీసిన రెండో కార్డు

జనవరి ఒకటో తారీఖు పొద్దున, ఇబ్రహీంపట్నం రేకుల చర్చిలో ఒక వాగ్దాన కార్డు తక్కువ పడింది. ఒక్క కార్డే కదా అనుకుంటే ఆ చర్చి సంగతి మీకు తెలియదన్నమాట. ఏడాది మొదటి రోజున స్టీలు బేసిన్‌లో బోర్లించిన కార్డుల్లోంచి మనిషికొకటి తీసుకోవాలి. ప్రభువు ఆ మనిషికి ఆ ఏడాదికని ఇచ్చిన మాట దాని మీద అచ్చువేసి ఉంటుంది. ఇంట్లో ఎవరైనా జ్వరంతో పడుకున్నా, డ్యూటీకి పోయినా వాళ్ల పేరు చెప్పి ఇంటివాళ్లే ఒకటి తీస్తారు. మళ్లీ జనవరి దాకా ఆ కార్డు ఇంట్లో అద్దం మూలకు గుచ్చి ఉంటుంది.

సంఘ పెద్ద బాలరాజ్ అరవై రెండు మందికి అరవై రెండు కార్డులు తెప్పించాడు. లెక్కలో ఆయన పొరపాటు పడడు, పడ్డా ఒప్పుకోడు. బేసిన్ పట్టుకుని అందరి దగ్గరికీ తిరిగి, చివర్లో తనకోసం చెయ్యి పెడితే బేసిన్ అడుగు తగిలింది. బోర్లించి రెండు దెబ్బలు కొట్టాడు. ఖంగుమని మోగింది తప్ప ఏమీ రాలలేదు. డెబ్బై రెండేళ్ల మనిషి, వాగ్దానం లేకుండా ఏడాదంతా ఎట్లా నెట్టుకొస్తాడు పాపం!

“ఎవలో చెప్పకుంట రెండు తీసిన్రు. మంచిగ బయటికి తియ్యున్రి,” అన్నాడు బాలరాజ్.

ఆడవాళ్ల వైపు కూర్చున్న రేణుకమ్మ కొంగు దగ్గరికి లాక్కుంది. బస్టాండు పక్క సందులో జాకెట్లు కుడుతుంది రేణుకమ్మ. ఇంట్లో ఉండేది తనూ, ఆటో నడిపే మొగుడు ముత్యాలూ, ఇద్దరే. ముత్యాలు తన కార్డు తానే తీసుకున్నాడు. మరి రేణుకమ్మ కొంగు చాటున రెండు ఎందుకున్నాయి? దొంగతనమని అనకండి, ఆమె అనుకుని చేసింది కాదు. ఒకటి తీసింది. చెయ్యి వెనక్కి రాలేదు. ఇంకొకటి తీసింది.

ఆ రెండోది పాపది. పంతొమ్మిదేళ్ల కింద పుట్టి, ఆరో రోజున కన్నుమూసిన పాప. మట్టి చేసి వస్తుంటే, పాప ప్రభువు దగ్గరికి పోయిందా అని రేణుకమ్మ అడిగింది. “బాప్తిస్మం కాని బిడ్డ. ఏం చెప్తం?” అన్నాడు బాలరాజ్. ఆ సంఘంలో నమ్మిన పెద్దవాళ్లనే చెరువులో ముంచుతారు. ఆరు రోజుల పిల్లను ఎవరు ముంచుతారు చెప్పండి! ఆయన ఆ మాట అనేసి ఇంటికి పోయి అన్నం తిని పడుకున్నాడు. రేణుకమ్మకు మాత్రం అప్పటినుంచి ఆ మాట మింగుడు పడలేదు. ముగ్గురు పాస్టర్లు మారారు, ఒక్కరినీ అడగలేదు. లేదంటారేమోనని భయం.

“మా ఇంటామె దగ్గర రెండున్నట్టున్నయి గదా!” అన్నాడు ముత్యాలు మగవాళ్లలోంచి. సరిగ్గా ఇట్లాంటప్పుడే నోరు తెరుస్తారు మొగుళ్లు!

“గా రెండోది ఎవలికి రేణుకా?” అని బాలరాజ్ ఆమె ముందుకొచ్చాడు.

“నా బిడ్డకు.”

చర్చి మొత్తం ఆమె వైపు తిరిగింది.

“చచ్చిపోయినోళ్లకు వాగ్దానమేందే? అండ్ల గా బిడ్డకు బాప్తిస్మమే కాలె!”

రేణుకమ్మ లేచి నిలబడింది. “పంతొమ్మిదేండ్ల సంది గీ మాటనే మోసుకుంట తిరుగుతున్న పెద్దబాపూ. ఇగ నాతోని కాదు. అయ్యగారూ, మీరు చెప్పున్రి. నా బిడ్డ ప్రభువు దగ్గర ఉన్నదా, లేదా? లేకుంటె లేదనే చెప్పున్రి, ఇంటికి పోత.”

పాస్టరు ఇశ్రాయేలు జల్‌పల్లి నుంచి వచ్చి ఎనిమిది నెలలే అయింది. ముప్పై ఏళ్లు కూడా నిండని కుర్రాడు. ఒకసారి దగ్గి, బాలరాజ్ వైపు తిరిగాడు.

“పెద్దయ్యా, మనం బాప్తిస్మం ఎవలికిస్తం?”

“నమ్మినోళ్లకు.”

“ఆరు రోజుల పిల్ల నమ్మనని మొండికేసిందా?”

“పాలకు ఏడ్చుడు తప్ప దానికేం తెల్సు!”

“ఏం తెల్వని పిల్లను సాక్ష్యమియ్యలేదని దేవుడు బయట నిలబెడ్తడా? కొన్ని సంఘాలల్ల పసిపిల్లలకే నీళ్లు చల్లుతరు, మనమేమో పెద్దయినంక ముంచుతం. గీ లొల్లంత మనది. తల్లులు పిల్లల్ని తెస్తుంటె శిష్యులు అడ్డం పడ్డరు, ప్రభువు శిష్యుల మీదనే కోపం చేసిండు. బాప్తిస్మం అయిందా అని ఒక్కర్నన్న అడిగిండా? ఎత్తుకున్నడు, గంతే! దావీదు రాజు బిడ్డ సచ్చిపోతె, నేనే వాని దగ్గరికి పోత అన్నడు. ఎటు పోతడో తెల్వకనే అన్నడా?” ఇశ్రాయేలు గొంతు తగ్గింది. “అక్కా, నీ బిడ్డ ఆయన దగ్గరనే ఉన్నది. నేను గట్టిగ నమ్ముతున్న.”

రేణుకమ్మ కొంగు చాటు నుంచి రెండో కార్డు తీసి ఇశ్రాయేలుకు ఇచ్చింది. ఆయన చూసి, నవ్వు ఆపుకుంటూ పైకి చదివాడు. ముసలితనం వచ్చినా, తల నెరిసినా నిన్ను ఎత్తుకునే ఉంటానని ప్రభువు ఇచ్చిన మాట అది.

ఆరు రోజుల పాపకు తల నెరవడం!

“ఓ యమ్మా, గిది మా ముసలోనిదే!” అంది బాలరాజ్ భార్య బాలనర్సమ్మ.

ముందు రేణుకమ్మే నవ్వింది. చిన్నగా మొదలైన నవ్వు ఆగితే కదా! నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు, కూర్చున్నా ఆగలేదు. పక్కనున్న బాలనర్సమ్మకు అంటుకుంది, వెనకవాళ్లకు పాకింది, డోలు వాయించే అతను డోలు మీద వాలిపోయి నవ్వాడు. పంతొమ్మిదేళ్లుగా బిగబట్టుకున్న ప్రాణం తేలికపడి, రేణుకమ్మ కళ్ల నీళ్లు కారేటట్టు నవ్వింది.

అట్లా నవ్వుతూనే లేచి కార్డును బాలరాజ్ చేతిలో పెట్టింది. “పట్టు పెద్దబాపూ. నా బిడ్డను ఎప్పుడో ఎత్తుకున్నడు. ఇగ నిన్నే ఎత్తాలె.”

బాలరాజ్ కార్డును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చదివాడు. “గానాడు నేను గట్ల అనుడు తప్పే బిడ్డా,” అన్నాడు.

“తప్పే,” అంది రేణుకమ్మ.

మళ్లీ నవ్వులు. ఇశ్రాయేలు చేతులెత్తి అందరినీ సద్దుమణిగించాడు. “దేవునికి స్తోత్రం చెప్పి ప్రార్థన చేద్దం. అక్కా, పాప పేరేంది?”

పేరు ఇరవై ఒకటో రోజున పెట్టాలి. పాప ఆరో రోజునే పోయింది. ముత్యాలు తల దించుకున్నాడు.

రేణుకమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. “మేం పెట్టలె అయ్యగారూ. ఇన్నేండ్ల సంది ఆయన దగ్గరున్నదంటె, ఆయనే పెట్టి ఉంటడు,” అంది. ముత్యాలు వైపు చూసింది, మళ్లీ నవ్వొచ్చేసింది. “నేను పోయినంక ముందుగాల గదే అడుగుత. మంచిగ లేకుంటె మార్పిస్త!”